ఎర్రోడి కాగితాలు

2022 ఫిబ్రవరి. కరోనా భయం తగ్గి, రాయదుర్గం ఆఫీసు టవర్లలోకి మళ్ళీ జనం వస్తున్న రోజులు. కొండాపూర్‌లో నేను పెట్ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్ళయింది. మాది అనంతపురం జిల్లా. గొర్రెలకూ బర్రెలకూ వైద్యం చేద్దామని చదువుకున్న మనిషిని, చివరికి లిఫ్టు దిగి వచ్చే కుక్కలకు గోళ్ళు కత్తిరిస్తూ కూర్చున్నాను. దాని గురించి నాకు పెద్ద బాధేమీ లేదు. పని పనే. కాకపోతే నోరు కాస్త దురుసు. మా క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో సగం మంది నా చేతివాసి కోసం వస్తారు, మిగతా సగం పక్క వీధి డాక్టరుకు అపాయింట్‌మెంట్ దొరక్క వస్తారు.

ఈ కేసులో నా వైద్యం ఎక్కడా తప్పలేదు. విరిగిన కాలు చక్కగా అతికింది. పంపిన కాగితాల్లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. అయినా ఇది గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. ఒకరి కుక్కను తెలిసి తెలిసి ఇంకొకరికి ఇప్పించాను. ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యలో ఉన్నది నేను.

ఆ కుక్కపిల్లను తెచ్చినామె పేరు హన్నా. జర్మనీ మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. రాయదుర్గంలో ఒక కంపెనీకి ఏడాదిన్నర పని మీద వచ్చి, మా క్లినిక్‌కు రెండు వీధుల అవతల ఫ్లాటులో ఉండేది. పగలు పదకొండు గంటలప్పుడు ఆఫీసు కోటులో చుట్టి తీసుకొచ్చింది. రెండున్నర నెలల మగపిల్ల. ఇటుకపొడి రంగు. ముందరి ఎడమకాలు వేలాడుతోంది. టవర్ వెనక గేటు దగ్గర డెలివరీ బైకు గుద్దిందట. అది ఏడవడం కూడా మానేసి వణుకుతోంది. హన్నా మాత్రం ఏడుస్తోంది.

ఎక్స్‌రే తీశాం. ఎముక అడ్డంగా విరిగింది గానీ పక్కకు జరగలేదు. ఇలాంటివాటికి ఆపరేషన్ అక్కర్లేదు. స్ప్లింట్, అంటే లోపల సన్నని రేకు పెట్టి పైన గట్టిగా కట్టే కట్టు, వేస్తే చాలు. చిన్న వయసు కాబట్టి నాలుగు వారాల్లో అతుక్కుంటుంది.

కట్టు వేయడానికి బల్లమీద పడుకోబెట్టినప్పుడు దాని మెడలో పట్టీ చూశాను. ఆఫీసు వాళ్ళు ఐడీ కార్డు వేలాడదీసుకుంటారే, ఆ నీలం రంగు ట్యాగ్. దాన్ని కత్తిరించి, మెడ కొలతకు సరిపెట్టి, నల్లదారంతో కుట్టారు. నా దగ్గర మొదటినుంచీ పనిచేసే సత్యవతి ఆ కుట్టు మీద వేలు పెట్టి ఆగిపోయింది. వాళ్ళది భీమవరం వైపు.

"ఎవరో శ్రద్ధగా కుట్టారండి. లోపల మడత కూడా వదిలారు చూడండి. పిల్ల పెరిగితే విప్పుకోవడానికండి," అంది.

నేనూ చూశాను. మా అమ్మ నా స్కూలు గౌన్లకు సరిగ్గా అలాగే లోపల రెండు వేళ్ళ మడత పెట్టి కుట్టేది. ప్రతి జూన్‌లో ఒక మడత విప్పేది. సరదాకి కట్టినవాళ్ళు ముడి వేసి వదిలేస్తారు. మడత పెట్టి కుట్టిందంటే ఆ మనిషి ఈ పిల్ల పెద్దదయ్యేదాకా తనతో ఉంటుందనుకుంది. మన ఇళ్ళలో పెరిగినవాళ్ళెవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

హన్నాకు కూడా అనుమానం వచ్చింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"డాక్టర్, మెడలో పట్టీ ఉందంటే వీడు ఎవరివాడో అయ్యుంటాడా? ఎవరైనా ఉంటే చెప్పండి, వైద్యం చేయించి వాళ్ళకే ఇచ్చేస్తాను. ఎవరూ లేకపోతే నాతో తీసుకెళ్తాను. నేను జులైలో మా ఊరికి వెళ్ళిపోతున్నాను."

నాతో తీసుకెళ్తాను అన్న మాట నా చెవిన పడగానే మిగతాది వినబడలేదు. అప్పటిదాకా మా క్లినిక్ నుంచి ఒక్క కుక్క కూడా విదేశం వెళ్ళలేదు. తోటి డాక్టర్లు మీటింగుల్లో "మా పేషెంట్ కెనడా వెళ్ళిందండీ", "మాది సింగపూర్‌లో దిగింది" అని చెప్పుకుంటుంటే టీ తాగుతూ వినేదాన్ని. ఇదిగో, రోడ్డు మీది పిల్ల నా చేతుల మీదుగా జర్మనీ వెళ్ళబోతోంది.

"అబ్బే, ఆఫీసు పిల్లలెవరో సరదాకి కట్టి ఉంటారు. ఇది వీధికుక్క. ఎవరిదీ కాదు," అన్నాను.

సత్యవతి నా మొహంలోకి చూసింది. "నువ్వు కాలు పట్టుకో సత్యవతీ, కుట్టుపనులు తర్వాత చూద్దువు గానీ," అని కసిరాను. కత్తెరతో పట్టీ కత్తిరించి బుట్టలో పడేశాను. కేస్ షీట్లో, అంటే ప్రతి జంతువుకూ మేం రాసే వివరాల కాగితంలో, ప్రీవియస్ ఓనర్ అనే గడి ఉంటుంది. ఇంతకుముందు ఎవరిది అని. అందులో "లేరు" అని రాశాను. నా చేతిరాత చాలా బాగుంటుందని అందరూ అంటారు.

కుక్కను ఇక్కడినుంచి యూరప్ పంపడమంటే పెళ్ళి చేసినంత పని. మొదట మైక్రోచిప్ వేయాలి. బియ్యపుగింజంత ఉంటుంది, సూదితో మెడ వెనక చర్మం కిందకు ఎక్కిస్తాం. రీడర్ పెడితే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు కిందే యజమాని పేరు నమోదవుతుంది. చిప్ వేశాకే రేబిస్ టీకా. ఈ వరుస తప్పితే టీకా వేసినట్టు లెక్కలోకి రాదు. టీకా వేసిన నెలరోజులకు రక్తం తీసి, వాళ్ళు గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. దాన్ని టైటర్ టెస్ట్ అంటారు. టీకా ఒంటికి పట్టిందా లేదా అని చూడడమన్న మాట. రక్తం తీసిన రోజునుంచి మళ్ళీ మూడు నెలలు ఆగాలి. అప్పుడు గానీ విమానం ఎక్కనివ్వరు.

నేను తేదీలన్నీ గోడమీద క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను. ఫిబ్రవరి మూడో వారంలో వయసు సరిపోగానే చిప్, వెంటనే టీకా. మా ఇంట్లో మావారు భోజనం దగ్గర కూడా ఆ కుక్క సంగతే విని విని "ఈసారి దాన్నే పిలువు అన్నానికి," అన్నారు. కాలు అతికింది. కట్టు విప్పిన రోజు మూడు కాళ్ళ మీద గెంతి, నాలుగోది ఉన్నదని గుర్తొచ్చినట్టు మెల్లగా కింద పెట్టింది. హన్నా చప్పట్లు కొట్టింది. తనకు నచ్చిన పేరేదో పెట్టింది గానీ అది ఆ పేరుకు సరిగా పలికేది కాదు.

మార్చి ఆఖరున ఒక పొద్దున నేను క్లినిక్‌కు వచ్చేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. యాభై దగ్గర్లో వయసు, బక్కపలచటి మనిషి. హౌస్‌కీపింగ్ యూనిఫాం చొక్కా చీర మీద వేసుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"నమస్తె డాక్టరమ్మా. మా ఎర్రోడు ఈడ్నే ఉన్నడంట గద?"

"ఏ ఎర్రోడు?"

"గదే అమ్మా, కుక్కపిల్ల. ముంగటి కాలు ఇరిగిందంట. ఫారిన్ మేడం ఈడికి తోలుకొచ్చిందని మా గేటు వాచ్‌మన్ చెప్పిండు. కాలు మంచిగైందా?"

ఆమె పేరు యాదమ్మ. నారాయణపేట దగ్గర పల్లె. హన్నా పనిచేసే టవర్‌లోనే ఊడ్చే పని. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, పెళ్ళయి ఊళ్ళో ఉంది. తను పని జరుగుతున్న సైటు పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. ఇదంతా నేను అడగకుండానే చెప్పింది. మామూలుగా నేను సగంలో ఆపేసే మనిషిని. ఆ రోజు ఆపలేకపోయాను.

"దాని తల్లిని వాటర్ ట్యాంకర్ తొక్కింది అమ్మా. నాలుగు పిల్లలల్ల ఇదొక్కటే బతికింది. కండ్లు గూడ సరిగ తెరువలే. సీసా మూతల పాలు వోసి సాదిన. జనవరి ఆఖరుకు బిడ్డ కాన్పుకు ఊరికి పోయిన. పది దినాలల్ల వస్తననుకున్న. పెద్ద ఆపరేషన్ అయింది, నెలన్నర మీద పట్టింది. పోయే ముంగట మెడకు పట్టా కుట్టి పోయిన, కుక్కల బండోళ్ళు ఎత్కపోవద్దని. ఉన్నదా అది?"

"కట్టు కట్టేటప్పుడు తీసేశాం," అన్నాను. ఎటో చూస్తూ అన్నాను.

"పోనియ్ తియ్, ఇంకోటి కుడత. ఇప్పుడు మెడ గూడ పెద్దగై ఉంటది. ఎప్పుడిస్తరమ్మా? మా కాంట్రాక్టర్‌ను అడిగిన, షెడ్డు ముంగట కట్టేసుకో అన్నడు. ఇంట్ల నేనొక్కదాన్నే గద. అది వచ్చినంక జర దానితోని మాట్లాడుకుంట అన్నం తింటుంటి."

చెప్పాల్సింది అప్పుడే. "అమ్మా, ఆ మేడమ్ నీకు తిరిగి ఇచ్చేస్తానంది, పద, ఫోన్ చేద్దాం" అంటే అయిపోయేది. చిప్ మీద పేరు మార్చడానికి నాకు పట్టే సమయం టీ తాగే సమయం కంటే తక్కువ. కానీ నా బుర్రలో ఇంకో లెక్క నడుస్తోంది. ఆ రోడ్డు మీద టిప్పర్లు, ట్యాంకర్లు. రేకుల షెడ్డు. ఎండాకాలం. రేపు ఆ సైటు పని అయిపోతే ఈమె ఎక్కడికో, కుక్క ఎక్కడికో. అక్కడేమో తోట ఉన్న ఇల్లు, హన్నా ఫొటోల్లో చూపించింది. కుక్క మంచికే కదా అనుకున్నాను. ఎల్లుండి రక్తం తీయాల్సిన తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా కనిపిస్తోందన్న సంగతి మాత్రం అప్పుడు నాకు నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"ఇక్కడ లేదమ్మా, మేడమ్ ఇంట్లో ఉంది. తర్వాత రా, చూద్దాం," అని పంపించేశాను. తర్వాత అంటే ఎప్పుడో చెప్పలేదు. నేను చెప్పకపోతే ఆమె రాదనుకున్నాను.

ఆమె సరిగ్గా రక్తం తీసే రోజే వచ్చింది. సెలవు పెట్టుకుని వచ్చిందట. బెంచీ మీద కూర్చుని ఉండగానే హన్నా కుక్కను తీసుకుని లోపలికి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గుమ్మం దాటగానే కుక్క ఆగింది. ముక్కు పైకెత్తింది. తర్వాత హన్నా చేతిలోంచి తాడు లాక్కుని పోయి యాదమ్మ ఒళ్ళో పడింది. నేలంతా తడిపేసింది. అరుపు కాదు, ఏడుపు కాదు, ఏదో కూత. యాదమ్మ "ఓరి నీయవ్వ, ఎర్రోడా, గింత పెద్దగైనవురా," అంటూ దాని మొహం రెండు చేతుల్లో పట్టుకుంది. ఆమె కళ్ళనీళ్ళు అది నాకుతోంది.

హన్నా నవ్వుతూ చూసింది. కాసేపటికి నవ్వు ఆగింది.

"డాక్టర్, ఈమె ఎవరు? వీడు ఈమెవాడా?"

యాదమ్మ కూడా అటు చూసింది. "మేడం ఏమంటున్నదమ్మా? ఇస్తనంటున్నదా?"

ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ నా నోటివైపు చూస్తున్నారు. నా జీవితంలో అంత నమ్మకంగా నన్ను ఎవరూ చూడలేదు.

హన్నాతో ఇంగ్లీషులో అన్నాను: "మీ టవర్‌లోనే ఊడుస్తుందట. అప్పుడప్పుడు బిస్కెట్లు వేసేదట. వీధికుక్కలు తిండి పెట్టిన వాళ్ళందరినీ గుర్తుపెట్టుకుంటాయి."

"నిజంగానేనా? వీడిని వదులుకోవడం ఆమెకు కష్టం కాదు కదా?"

"సంతోషపడుతోంది. కుక్క మంచి చోటికి పోతోందని."

తర్వాత యాదమ్మ వైపు తిరిగి తెలుగులో అన్నాను: "కాగితాలు అయిపోయాయమ్మా. గవర్నమెంట్‌లో మేడమ్ పేరు మీద ఎక్కింది. ఇప్పుడు మార్చడానికి కుదరదు. వేరే దేశం తీసుకెళ్తుంది. అక్కడ బాగుంటుంది."

యాదమ్మ చేతులు కుక్క మెడ మీద అలాగే ఉండిపోయాయి.

"కాయితాలల్ల ఎక్కిందా?" అంది మెల్లగా. "అయితే ఇగ ఏం జేస్తం. మా భూమి గూడ గట్లనే అయింది. దున్నేటోళ్ళం మేము, కాయితంల ఇంకొకని పేరొచ్చింది. ఆఫీసు సుట్టు తిరిగి తిరిగి మా ఆయన పోయిండు గాని కాయితం మారలే."

హన్నా ఆమెకు దండం పెట్టి, వచ్చిన ఒక్క తెలుగు ముక్కతో "చాలా బాగుంది అమ్మా," అంది. యాదమ్మ తలూపింది. ఏం బాగుందో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. సత్యవతి అప్పటిదాకా తుడుపుకర్ర పట్టుకుని నిలబడి ఉంది. నేల తుడిచి, నాతో మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా "అవునండి", "కాదండి" తప్ప ఇంకో మాట అనలేదు. నేను ఎర్రోడిని బల్లమీద పెట్టి రక్తం తీశాను. అది తల తలుపు వైపే పెట్టుకుని ఉంది. మొదటి పోటుకే నరం దొరికింది. పద్దెనిమిదేళ్ళ అనుభవం మరి.

అప్పటినుంచి ఇంకో మూడు నెలలు అది ఈ ఊళ్ళోనే ఉంది. నేను నోరు విప్పడానికి తొంభై రోజులకు పైనే ఉన్నాయన్న మాట. ఏ రోజైనా చాలేది. నేను విప్పలేదు. రిపోర్టు బాగా వచ్చింది. విమానంలో పెట్టే బోను కొలతలు, ఎగుమతి అనుమతి, ప్రయాణానికి ముందు ఆరోగ్య పత్రం, అన్నీ ఒక్కొక్కటిగా అయిపోయాయి. తోటి డాక్టర్లతో "మాది జర్మనీ వెళ్తోందండీ" అని రెండు మూడుసార్లు అన్నాను కూడా.

జులైలో బయలుదేరే ముందు వారం యాదమ్మ మళ్ళీ వచ్చింది. లోపలికి రాలేదు. నేను ఆపరేషన్‌లో ఉన్నాను. సత్యవతి చేతికి ఒక పాత చీరముక్క ఇచ్చి, "దీని మీదనే పండేటోడు, పెట్టెల వెయ్యుండ్రి, భయపడడు," అని చెప్పి వెళ్ళిపోయిందట. సత్యవతి నన్ను అడగలేదు. ప్రయాణం రోజు బోనులో మేం పరిచిన కొత్త దుప్పటి తీసేసి ఆ చీరముక్క పరిచింది. ఈ సంగతి నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

ఏడాదిన్నర తర్వాత హన్నా రెండు వారాల పని మీద మళ్ళీ హైదరాబాద్ వచ్చింది. చాక్లెట్ల డబ్బా పట్టుకుని మా క్లినిక్‌కు వచ్చింది. ఫోనులో బొమ్మలు చూపించింది. ఎర్రోడు మంచులో, ఎర్రోడు చెరువు ఒడ్డున, ఎర్రోడు ఒక పెద్దాయన కాళ్ళ దగ్గర. ఆయన వాళ్ళ నాన్నట. ఒళ్ళు నిగనిగలాడుతోంది. నాకు ఛాతీ పొంగింది. అప్పుడు ఆమె ఫోను పక్కన పెట్టి అడిగింది.

"వాడి పెట్టెలో ఒక గుడ్డ ఉంది. మెత్తబడిపోయిన పాత చీర. మొదట్లో ఒకసారి ఉతకడానికి తీస్తే మూడు రోజులు తిండి ముట్టలేదు. అది మీ క్లినిక్ గుడ్డ కాదు. ఎవరిది డాక్టర్?"

సత్యవతి వైపు చూశాను. ఆమె మందుల అలమర సర్దుతోంది. ఇటు తిరగలేదు. ఆ గుడ్డ ఎవరిదో నాకు అర్థమైపోయింది.

"ఆ రోజు బెంచీ మీద కూర్చున్నామె," అన్నాను. ఇంక దాచే ఓపిక లేకపోయింది. అంతా చెప్పేశాను. పట్టీ సంగతి, మడత సంగతి, రెండు వైపులా నేను చెప్పిన రెండు అబద్ధాలు.

హన్నా అరవలేదు. అరిస్తే బాగుండేది. అరిచేవాళ్ళతో నాకు అలవాటే.

"నేను మిమ్మల్ని రెండుసార్లు అడిగాను," అంది. "మీరు నాకంటే మంచి మనిషై ఉంటారని అడిగాను. ఆమె భాష మీకు వచ్చు. ఆమె ఊరు మీకు తెలుసు. నాకేం తెలుసు?"

ఫోను సంచిలో పెట్టుకుంటూ మళ్ళీ అంది. "ఇప్పుడు వాడు మా నాన్న లేకపోతే ఉండలేడు. మా నాన్న వాడు లేకపోతే ఉండలేడు. ఇక తిరిగి ఇవ్వలేను. ఇవ్వగలిగిన రోజు మీరు నాకు చెప్పలేదు."

వెళ్ళేముందు ఒక ఫొటో ప్రింటు తీయించి తెచ్చి బల్లమీద పెట్టింది. ఆమెకు ఇవ్వమంది. చాక్లెట్ల డబ్బా మేమెవరం తెరవలేదు. అది అలాగే బల్ల సొరుగులో ఉండిపోయింది.

ఆ రోజునుంచి మా క్లినిక్‌లో పద్ధతి మారింది. రోడ్డు మీద దొరికిన జంతువును ఎవరు తెచ్చినా మొదట వైద్యం, తర్వాత సత్యవతో నేనో అది దొరికిన చోటికి వెళ్తాం. టీకొట్టు, వాచ్‌మన్, ఊడ్చేవాళ్ళు, పంక్చర్ షాపు. "దీనికి తిండి పెట్టేది ఎవరు?" అని అడుగుతాం. నూటికి తొంభైసార్లు ఎవరో ఒకరు ఉంటారు. వీధికుక్క అంటే ఎవరిదీ కాదని అర్థం కాదు. వీధిలో ఎవరిదో అని అర్థం. ఇది నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసీ మర్చిపోయాను.

యాదమ్మను వెతకడానికి నెల పట్టింది. సైటు పని అయిపోయి రేకుల షెడ్లు లేచిపోయాయి. టవర్‌లో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు మారింది. పాత వాచ్‌మన్ ద్వారా చివరికి నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడుస్తోందని తెలిసింది. ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. రెండో అంతస్తు మెట్ల మీద బకెట్టుతో ఉంది. నన్ను గుర్తుపట్టి చీరకొంగుకు చేతులు తుడుచుకుంది.

"డాక్టరమ్మా! ఏంది గిట్ల వచ్చిండ్రు?"

ఫొటో ఇచ్చాను. ఆమె మొహం విచ్చుకున్న తీరు చూసి ఒక నిమిషం నా తప్పు నాకే గుర్తురాలేదు.

"మా ఎర్రోడే! గిదేందమ్మా, ఉప్పు వోసినట్టున్నది? మంచా? అబ్బ, చలి పెడ్తలేదా వానికి? ఎంత బొద్దుగైండు సూడు." ఫొటో మీద వేలు ఆన్చి కాలు చూసింది. "కాలు గూడ సక్కగున్నది. మంచిగ జేసినవమ్మా."

ఆ మాటతో అక్కడినుంచి వచ్చేసి ఉండాల్సింది. కానీ నేను ఫొటో ఇవ్వడానికి మాత్రమే వెళ్ళలేదు. నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు. నా గుండెల మీది బండ దించుకోవాలి.

"యాదమ్మా, నీకో మాట చెప్పాలి," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కాగితాలు మార్చొచ్చు. ఆ రోజే మార్చొచ్చు. ఆ తర్వాత మూడు నెలలదాకా ఎప్పుడైనా మార్చొచ్చు. ఆ మేడమ్ నీ గురించి అడిగింది. నేనే కాదన్నాను.

ఆమె చాలాసేపు ఫొటో చూస్తూనే ఉంది. కానీ ఇందాక చూసినట్టు కాదు.

"అయితే గప్పుడు గా మేడంకు సమజైతే, ఎర్రోన్ని నాకు ఇచ్చి పోతుండెనా?"

జీవితంలో అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, ఒక్క అబద్ధం ఆడితే పుణ్యం వచ్చే చోట నాకు నిజమే నోట్లోంచి వచ్చింది.

"ఇచ్చేది," అన్నాను.

యాదమ్మ మెట్టు మీద కూర్చుంది. బకెట్టులో నీళ్ళు కదులుతున్నాయి. పైనెక్కడో కుక్కర్ కూతేసింది.

"కాయితాలు గట్ల జేసినయని మనసుకు చెప్పుకున్న అమ్మా. మా భూమి లెక్కనే ఇది గూడ అనుకున్న. కాయితాల తోని ఎవలు కొట్లాడుతరు? ఊకున్న. మంచిగనే ఉన్న." ఫొటోను చీరకొంగుతో తుడిచింది. తడి ఏమీ లేదు దాని మీద. "ఇగ ఇప్పుడు నేనేమనుకోవాలె?"

"నన్ను క్షమించమ్మా," అన్నాను. చేతులు పట్టుకోబోయాను.

ఆమె చేతులు ఇవ్వలేదు. కోపంగా కాదు. బకెట్టు అందుకోవడానికి లేచింది.

"ఫోటో ఇచ్చి పోతే అయిపోతుండె. గా మాట చెప్పకపోతె మంచిగుంటుండె అమ్మా," అంది. "ఇంకా పైన రెండు అంతస్తులున్నయ్. పోయొస్త."

నేను కిందికి దిగి కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. నా బరువు దిగింది, నిజమే. ఇప్పుడు దాన్ని ఆమె మోస్తూ మూడో అంతస్తు ఎక్కుతోంది. అడిగిన రోజున నిజం చెప్పి ఉంటే కుక్క ఆమెకు దక్కేది. ఆ రోజు పోయాక ఇక ఆ నిజాన్ని నా దగ్గరే ఉంచుకుని బాధపడడం నా వంతు. అదీ చేయలేకపోయాను. రెండుసార్లూ నా సుఖమే చూసుకున్నాను, రెండుసార్లూ పోగొట్టుకున్నది యాదమ్మే.